మీటింగ్ కలుస్తోంది, మాట తెగుతోంది: వీడియో కాన్ఫరెన్స్ సర్వీసుకు ఫైర్‌వాల్‌లో ఏ పోర్టు, ఏ వైపు తెరవాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. ఆఫీసులో 120 మంది ఉన్నారు. సొంత సర్వర్ తీసేసి, బయటి కంపెనీ నడిపే వీడియో కాన్ఫరెన్స్ సర్వీసుకు మారారు. వాళ్లిచ్చిన పోర్టుల పట్టిక చూసి, ఆఫీసు నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్‌లో బయటి నుంచి లోపలికి యూడీపీ 8801–8810 "ఎక్కడి నుంచైనా" అని తెరిచారు. లోపలి నుంచి బయటికి టీసీపీ 443 ఎలాగూ ముందే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు. (యూడీపీ, టీసీపీ అంటే నెట్‌వర్క్‌లో డేటా పంపే రెండు పద్ధతులు, తేడా కింద చెబుతాను.) ఇప్పుడు అందరూ మీటింగ్‌లో చేరగలుగుతున్నారు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు బాగానే ఉంటోంది, జనం పెరిగేసరికి మాట ముక్కలవుతోంది, బొమ్మ నిలిచిపోతోంది. ఇంకా ఏ పోర్టు తెరవాలి అన్నది మీ ప్రశ్న.

ముందు ఆ ఇన్‌బౌండ్ (బయటి నుంచి లోపలికి) రూల్ తీసేయండి. మిగతాది చదవకముందే వెళ్లి తీసేసి వచ్చినా మంచిదే. దానివల్ల మీ మీటింగ్‌కు రవ్వంత ఉపయోగం లేదు. పైగా దాని వెనక పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి వచ్చినదాన్ని లోపలి ఒక పీసీకి పంపే ఏర్పాటు) కూడా పెట్టి ఉంటే, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఆ పీసీ తలుపు తట్టడానికి దారి ఇచ్చినట్టే.

ఈ పొరపాటు చాలామంది చేస్తారు, దానికి కారణం ఆ పట్టికలే. వాటిలో పోర్టు నంబర్ పెద్దగా కనిపిస్తుంది, ఎటు నుంచి ఎటు అన్నది చిన్న కాలమ్‌లో ఎక్కడో ఉంటుంది. అక్కడ రాసిన 8801 సర్వర్ వైపు పోర్టు, అంటే డెస్టినేషన్ పోర్టు. మీ పీసీ వైపు పోర్టు ఆ సమయానికి ఖాళీగా ఉన్న ఏదో ఒక పెద్ద నంబర్ అవుతుంది. ఇలా బయటి కంపెనీ నడిపే (హోస్టెడ్) సర్వీసులో పలకరింపు ఎప్పుడూ మీ లోపలి నుంచే మొదలవుతుంది. మీ పీసీ బయటి సర్వర్‌కు మొదటి ప్యాకెట్ పంపగానే ఫైర్‌వాల్ ఐదు సంగతులు గుర్తుపెట్టుకుంటుంది: పంపినవాడి ఐపీ (నెట్‌వర్క్ చిరునామా), వాడి పోర్టు, అందుకునేవాడి ఐపీ, వాడి పోర్టు, టీసీపీయా యూడీపీయా అన్నది. జవాబు అదే జంట మధ్య తిరిగొస్తే దానంతటదే లోపలికి వదులుతుంది, దానికి వేరే రూల్ అక్కర్లేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఫైర్‌వాల్‌లన్నీ దాదాపు ఇలాగే పనిచేస్తాయి. కాబట్టి మీకు కావలసింది లోపలి నుంచి బయటికి యూడీపీ. మీరు చెప్పినదాన్నిబట్టి అదే లేదు.

అది లేకపోయినా మీటింగ్ ఎలా కలుస్తోంది? చిక్కంతా అక్కడే ఉంది. ఇది ఒక్కటి మనసుకు పడితే మిగతా సమస్య సగం విడిపోతుంది.

మీటింగ్‌లో రెండు వేరు వేరు సంభాషణలు నడుస్తాయి. ఒకటి సిగ్నలింగ్: లాగిన్, ఎవరు చేరారు, ఎవరు మ్యూట్ చేశారు, చాట్. ఇదంతా టీసీపీ 443 మీద వెళ్తుంది. రెండోది మీడియా, అంటే అసలు మాట, బొమ్మ, స్క్రీన్ షేరింగ్. ఇది యూడీపీ మీద వెళ్లాలని కోరుకుంటుంది. మాటను సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు, అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. యూడీపీలో ఒక ముక్క దారిలో పోతే పోయింది, యాప్ ఆ ఖాళీని పక్క ముక్కలతో పూడ్చుకుని ముందుకు సాగుతుంది, మీ చెవికి తెలియను కూడా తెలియదు. టీసీపీ అలా ఊరుకోదు. పోయిన ముక్క మళ్లీ వచ్చేదాకా దాని వెనక వచ్చినవన్నీ వరుసలో ఆపేస్తుంది. ఫైల్ డౌన్‌లోడ్‌కు అది వరం, సంభాషణకు మాత్రం శాపం. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే మాట సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జీ.114 చెబుతుంది. టీసీపీలో ఒక్క ప్యాకెట్ పోయి మళ్లీ రావడానికే ఆ గడువు దాటిపోవచ్చు.

యూడీపీ దారి మూసి ఉందని తెలియగానే యాప్ ఎర్రర్ చూపించదు. మారుమాట్లాడకుండా మీడియాను కూడా టీసీపీ 443లోకి మళ్లిస్తుంది. వాడేవారికి "కలిసింది" అనిపిస్తుంది. ఇద్దరున్నప్పుడు లైన్ ఖాళీ, ప్యాకెట్లు పోవు, లోపం బయటపడదు. ఇరవై మంది కెమెరాలు పెట్టగానే లైన్ బిగుస్తుంది, ప్యాకెట్లు పోవడం మొదలవుతుంది, ప్రతి నష్టానికీ టీసీపీ ఆగుతుంది. మీ లక్షణం దీనికి అచ్చంగా సరిపోతోంది. మీటింగ్ కలిసినంత మాత్రాన పోర్టులు సరిగ్గా ఉన్నాయని అనుకోకండి. మీడియా నిజంగా యూడీపీ మీదే పోతోందా అన్నది కళ్లతో చూడాలి.

చూడటం కష్టం కాదు. ఒకరిని మీటింగ్‌లో కూర్చోబెట్టి, కెమెరా పెట్టించండి. వాళ్ల పీసీ ఐపీతో ఫైర్‌వాల్ సెషన్ టేబుల్ (ఇప్పుడు నడుస్తున్న కనెక్షన్ల పట్టిక) ఫిల్టర్ చేయండి. పరిస్థితి బాగుంటే, సర్వీసువాళ్ల ఐపీకి యూడీపీ సెషన్ ఒకటో రెండో కనిపిస్తాయి, వాటి బైట్లు రెండు వైపులా గబగబా పెరుగుతుంటాయి. టీసీపీలోకి జారిపోయి ఉంటే, ఒకే ఒక్క 443 సెషన్ బరువుగా కనిపిస్తుంది. వీడియో సెకనుకు 1.5 మెగాబిట్లు అనుకోండి, పది నిమిషాలకు దాదాపు 112 మెగాబైట్లు. చాట్, మ్యూట్ సంకేతాలకు అంత బరువు ఉండదు కదా, అంటే బొమ్మ కూడా అందులోనే పోతోందన్న మాట. ఇక మూడో రకం: యూడీపీ సెషన్ ఉంది, బయటికి వెళ్లే బైట్లు పెరుగుతున్నాయి, లోపలికి వచ్చేవి సున్నా. అప్పుడు మీ అవుట్‌బౌండ్ (లోపలి నుంచి బయటికి) రూల్ బాగానే ఉంది, జవాబు వేరే దారిలో వస్తోంది లేదా మీకు పైన ఇంకెవరో ఆపుతున్నారు.

బ్రౌజర్‌లో వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లోనే కాల్ నడిపే పద్ధతి) మీద నడిచే మీటింగ్ అయితే ఇంకా దగ్గరగా చూడొచ్చు. మీటింగ్ నడుస్తుండగా క్రోమ్‌లో పక్క ట్యాబ్‌లో వెబ్‌ఆర్‌టీసీ ఇంటర్నల్స్ పేజీ తెరవండి. కాండిడేట్ పెయిర్ (రెండు చివరల చిరునామాల జంట) అని చాలా వరుసలుంటాయి. వాటిలో సక్సీడెడ్ అని, నామినేటెడ్ అని ఉన్నదే అసలు వాడుతున్న జంట. దానికి సంబంధించిన లోకల్ కాండిడేట్‌లో ప్రోటోకాల్ అన్న చోట యూడీపీ ఉందా టీసీపీ ఉందా చూడండి. రకం రిలే (మధ్యవర్తి సర్వర్) అని ఉంటే రిలే ప్రోటోకాల్ కూడా చూడాలి, ఎందుకంటే పైకి యూడీపీ అని కనిపిస్తూ రిలే దాకా టీసీపీలోనో టీఎల్‌ఎస్‌లోనో (గుప్తీకరించిన కనెక్షన్) వెళ్తుండొచ్చు.

ఒక జాగ్రత్త. టెల్‌నెట్ కొట్టి "పోర్టు ఓపెన్" అని నిర్ధారించుకోకండి. టెల్‌నెట్ పరీక్షించేది టీసీపీని మాత్రమే. పోర్ట్ స్కానర్‌తో యూడీపీ చూసినా, జవాబు రాకపోతే అది తెరిచి ఉందో మధ్యలో డ్రాప్ అయిందో స్కానర్‌కే తెలియదు. యూడీపీకి నమ్మకమైన పరీక్ష నిజమైన కాల్ ఒక్కటే.

ఇక రూల్. ఏ సర్వీసుకు ఏ పోర్టులో చెబుతాను, కానీ పెట్టేముందు ఆ సర్వీసు సహాయ పేజీలో ఇవాళ్టి పట్టికతో సరిపోల్చుకోండి, ఇవి అప్పుడప్పుడు మారుతుంటాయి. మీరు రాసిన 8801–8810 జూమ్ మీడియా పోర్టులు. దానికి యూడీపీ 3478, 3479 కూడా కావాలి, టీసీపీలో 443తో పాటు 8801, 8802. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కు యూడీపీ 3478 నుంచి 3481 వరకు. గూగుల్ మీట్‌కు 3478, పాత పట్టికల్లో 19302–19309 కూడా కనిపిస్తాయి. వెబెక్స్‌కు 5004, 9000. వీటిలో 3478 పదేపదే ఎందుకు వస్తోందంటే అది స్టన్, టర్న్ పద్ధతులకు కేటాయించిన పోర్టు. మీ పీసీ "బయటి ప్రపంచానికి నేను ఏ ఐపీ, ఏ పోర్టుగా కనిపిస్తున్నాను?" అని అడిగి తెలుసుకునేది అక్కడే. అది మూసి ఉంటే మీడియా దారి వెతుకులాట మొదట్లోనే కుంటుపడుతుంది.

గమ్యం ఐపీ ఏం పెట్టాలన్నది దీనికంటే ముఖ్యం. చాలామంది సర్వీసు డొమైన్ పేరుకు నక్షత్రం గుర్తు తగిలించి రూల్ రాస్తారు. సిగ్నలింగ్‌కు అది చాలు. మీడియాకు పనిచేయకపోవచ్చు. డొమైన్ రూల్ ఉన్న ఫైర్‌వాల్ సాధారణంగా డీఎన్‌ఎస్ (పేరుకు ఐపీ చెప్పే వ్యవస్థ) జవాబులు చూసి ఐపీలు నేర్చుకుంటుంది. మీడియా సర్వర్ ఐపీ మాత్రం చాలా సర్వీసుల్లో డీఎన్‌ఎస్ ద్వారా రాదు, గుప్తీకరించిన సిగ్నలింగ్ సంభాషణలోనే నేరుగా యాప్‌కు అందుతుంది. ఫైర్‌వాల్‌కు ఆ ఐపీ ఎవరిదో తెలియదు కాబట్టి రూల్ తగలదు, ప్యాకెట్ కింద ఉన్న డినై (మిగతావన్నీ ఆపే) రూల్‌లో పడుతుంది. అందుకే యూడీపీ రూల్‌లో సర్వీసువాళ్లు ప్రకటించిన ఐపీ రేంజ్‌లే పెట్టండి. టీమ్స్ మీడియాకు 52.112.0.0/14, 52.122.0.0/15 ఉన్నట్టుగా ప్రతి పెద్ద సర్వీసుకూ ఒక జాబితా ఉంటుంది. మీ ఫైర్‌వాల్‌కు ఆ జాబితాను బయటి నుంచి తానే తెచ్చుకునే సదుపాయం ఉంటే వాడుకోండి. చేత్తో పెట్టిన జాబితాను ఆరు నెలల తర్వాత ఎవరూ చూడరు.

ఐపీ జాబితా నిర్వహించడం మీ వల్ల కాదనుకుంటే, ఆ కొద్ది యూడీపీ పోర్టులను బయట ఏ ఐపీకైనా తెరవమంటాను. దీన్ని ఒప్పుకోని వాళ్లుంటారు, వాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. అయినా బయటికి టీసీపీ 443 ప్రపంచమంతటికీ తెరిచి ఉన్న చోట, యూడీపీ 3478 తెరిచినందువల్ల పెరిగే ప్రమాదం చాలా తక్కువ. మీటింగ్‌లు తెగి, జనం సొంత ఫోన్‌లలో సొంత ఖాతాలతో ఆఫీసు సంగతులు మాట్లాడుకోవడం దానికంటే పెద్ద ప్రమాదం.

ఈ రూల్‌ను పైన పెట్టండి, జనరల్ వెబ్ రూల్ కంటే పైన. దీనికి టీఎల్‌ఎస్ ఇన్‌స్పెక్షన్ (గుప్తీకరణను మధ్యలో విప్పి చూడటం) వద్దు, ప్రాక్సీ (ట్రాఫిక్‌ను తన ద్వారా పంపే మధ్యవర్తి సర్వర్) వద్దు. మామూలు వెబ్ ప్రాక్సీ యూడీపీని మోయలేదు, కాబట్టి పీసీలు బయటికి ప్రాక్సీ ద్వారానే వెళ్లాలన్న నియమం ఉంటే ఫైర్‌వాల్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా మీడియా టీసీపీలోనే ఇరుక్కుంటుంది. మీడియా ఎలాగూ ఎస్‌ఆర్‌టీపీతో గుప్తీకరించి ఉంటుంది, మధ్యలో విప్పి చూడటానికి మీకు దొరికేదేమీ ఉండదు. ఇన్‌స్పెక్షన్ వల్ల సిగ్నలింగ్‌లో వెబ్‌సాకెట్ (ఎప్పుడూ తెరిచి ఉండే కనెక్షన్) తెగిపోవడం మాత్రం దొరుకుతుంది.

మరో సంగతి ఐపీవీ6, అంటే పాత ఐపీవీ4 పక్కనే నడిచే కొత్త తరం ఐపీ. వీ4 రూల్స్ ఒక్కొక్కటీ అచ్చుగుద్దినట్టు రాసి, వీ6 వైపు అసలు చూడని ఆఫీసులు నేను చూశాను. తాళం వేసి గొళ్లెం మరిచినట్టు. యాప్ రెండు దారులూ ప్రయత్నిస్తుంది. వీ6లో సిగ్నలింగ్ వెళ్లి మీడియా డ్రాప్ అయితే చేరేటప్పుడు కొన్ని సెకన్ల తటపటాయింపు కనిపిస్తుంది. మీ లైన్‌లో వీ6 ఉంటే ఇవే రూల్స్ అక్కడ కూడా రాయండి.

ఇప్పుడు నేను కాస్త ఎక్కువసేపు ఆగాల్సిన చోటు. యూడీపీ తెరిచాక మీకు మొదట ఎదురయ్యేది ఇదేనేమో అని నా అనుమానం.

నేను పనిచేసిన ఒక చోట ప్రతి సోమవారం పది గంటలకు అందరి మీటింగ్ ఉండేది. ఒకే బ్రాంచి నుంచి నలభై మంది చేరేవాళ్లు. రూల్స్ అన్నీ సరిగ్గా ఉన్నాయి, యూడీపీ సెషన్లు కనిపిస్తున్నాయి. పది దాటి రెండు నిమిషాలయ్యేసరికి అందరికీ ఒకేసారి బొమ్మ నిలిచిపోయేది. కొన్ని సెకన్లకు తేరుకునేది, మళ్లీ నిలిచేది. రూల్ లాగ్ చూస్తే ప్రతి వరుసా "అలో". ఇంటర్నెట్ లైన్ ఇచ్చినవాళ్లను నిలదీశాం, స్విచ్ మార్చాం, కేబుల్ మార్చాం. రెండు సోమవారాలు అలాగే పోయాయి. మూడో సోమవారం మీటింగ్ నడుస్తుండగా నేను థ్రెట్ లాగ్ (ఫైర్‌వాల్ దాడి అనుకున్నవాటి చిట్టా) తెరిచాను. ఆ ఫైర్‌వాల్‌లో అది వేరే మెనూలో ఉంటుంది, రూల్ లాగ్‌లో కలవదు. పదీ రెండు నుంచి వరుసగా ఒకటే మాట: యూడీపీ ఫ్లడ్, డ్రాప్. పంపినవాడి ఐపీ మా మీటింగ్ సర్వర్‌ది.

కారణం లెక్కేస్తే తేలిపోతుంది. ఒక్కొక్కరికి మాట సెకనుకు 50 ప్యాకెట్లు. వీడియో 1.5 మెగాబిట్లు, ప్యాకెట్ ఒక్కోటి 1,200 బైట్లు అనుకుంటే సెకనుకు ఇంకో 150 పైచిలుకు. మనిషికి సుమారు 200, నలభై మందికి 8,000. అందరూ ఒకే మీటింగ్ కాబట్టి అవన్నీ ఒకటి రెండు సర్వర్ ఐపీల నుంచే వస్తాయి, మా పబ్లిక్ ఐపీ ఒక్కదానికే వస్తాయి. డాస్ (ప్యాకెట్ల వరదతో ముంచే దాడి) రక్షణలో ఎవరో ఎప్పుడో పెట్టిన హద్దు: ఒక ఐపీ నుంచి సెకనుకు 1,000 యూడీపీ ప్యాకెట్లు. ఐదుగురి దాకా ఫర్వాలేదు, ఆరో మనిషి కెమెరా పెట్టగానే హద్దు దాటిపోతుంది. ఫైర్‌వాల్ తనకు చెప్పిన పని తాను చేసింది. మేము ఆ రక్షణను పూర్తిగా ఆపలేదు, మీరూ ఆపకండి. సర్వీసు ఐపీ రేంజ్‌లను మాత్రం ఆ హద్దు నుంచి మినహాయించాం. అదే నిమిషంలో బొమ్మలు కదిలాయి. ఆ గదిలో నలభై మంది ముఖాలు ఒక్కసారి స్పష్టంగా కనిపించడం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఇద్దరు ముగ్గురుంటే బాగుంటుంది, జనం పెరిగితే తెగుతుంది" అన్న మీ మాట చూడగానే నాకు ఇది కూడా తట్టింది. యూడీపీ తెరవకుండా ఇది బయటపడదు. తెరిచాక బయటపడితే "పోర్టులు తెరిచినా లాభం లేదు" అని వెనక్కి వెళ్లిపోకండి.

కాల్ ఎంతసేపటికి తెగుతోందో రాసిపెట్టుకోవడం కూడా మంచి అలవాటు. ఆ సమయమే సగం జవాబు చెబుతుంది. వెబ్‌ఆర్‌టీసీ కాల్ సరిగ్గా అర నిమిషంలో తెగుతుంటే, అవతలివాడి నుంచి అనుమతి జవాబులు ఆగిపోయాయని అర్థం. ఆర్‌ఎఫ్‌సీ 7675 (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) ప్రకారం 30 సెకన్లు జవాబు లేకపోతే పంపడం మానేయాలి. ఎస్‌ఐపీ అనే కాల్ పద్ధతి వాడే మీటింగ్ గది పరికరం 32 సెకన్లకు తెగితే, కాల్ ఎత్తిన కబురు అందిందని చెప్పే చివరి సంకేతం దారిలో పోతోంది. చాలామటుకు దాని వెనక ఎస్‌ఐపీ ఏఎల్‌జీ ఉంటుంది, సాయం చేస్తున్నానంటూ ప్యాకెట్ లోపలి ఐపీలను తిరగరాసి చెడగొట్టే సదుపాయం అది. ఆపేయండి. కాల్ మామూలుగా నడుస్తూ ఎప్పుడో ఒకప్పుడు తెగితే యూడీపీ సెషన్ గడువు చూడండి. నాట్ మ్యాపింగ్ (లోపలి ఐపీ, పోర్టును బయటి ఐపీ, పోర్టుతో ముడిపెట్టిన నమోదు) రెండు నిమిషాల కంటే ముందు చెరిపేయకూడదని, ఐదు నిమిషాలు ఉంచితే మేలని 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4787 చెబుతుంది. 30 సెకన్లకే చెరిపేసే పెట్టెలు ఇంకా ఉన్నాయి.

హెచ్.323 అనే పాత వీడియో కాల్ పద్ధతి వాడే గది పరికరాలు ఉంటే వాటి కథ వేరు. వాటికి టీసీపీ 1720, మీడియాకు పెద్ద రేంజ్ కావాలి. ఆ పరికరాల ఐపీలకు మాత్రమే, సర్వీసువాళ్ల గేట్‌వే ఐపీలకు మాత్రమే రూల్ రాయండి. ఆఫీసంతటికీ వద్దు.

మీకు రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయని చివర్లో రాశారు. లోడ్ బ్యాలెన్సింగ్ (ట్రాఫిక్‌ను రెండు లైన్లకు పంచడం) ఎలా ఉందో చూడండి. ఒకే పీసీ సిగ్నలింగ్ ఒక లైన్‌లో, మీడియా ఇంకో లైన్‌లో వెళ్తే సర్వర్‌కు ఒకే మనిషి రెండు ఐపీలతో కనిపిస్తాడు, కొన్ని సర్వీసులు దాన్ని ఒప్పుకోవు. ఒక లైన్‌లో వెళ్లి ఇంకో లైన్‌లో జవాబు వస్తే ఫైర్‌వాలే ఒప్పుకోదు. సర్వీసు ఐపీ రేంజ్‌లను ఒక లైన్‌కు కట్టేయండి, అది పడిపోతేనే రెండోదానికి మారేలా పెట్టండి. ఇంటి నుంచి వీపీఎన్‌లో వచ్చేవాళ్లకు ఆ రేంజ్‌లను టన్నెల్ బయట వదిలేయండి. లేకపోతే వాళ్ల వీడియో మీ లైన్‌లోకి వచ్చి, అదే లైన్‌లో మళ్లీ బయటికి పోతుంది, భారం రెట్టింపు.

క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కు ముందు దారి ఇవ్వాలన్న ఏర్పాటు) గురించి అడిగారు. మాటకు డీఎస్‌సీపీ (ప్యాకెట్ మీద వేసే ప్రాధాన్య గుర్తు) 46, వీడియోకు 34 వాడుక. పెట్టుకోండి, మీ లోపలి స్విచ్‌లకు, వైఫైకి మేలు చేస్తుంది. ఇంటర్నెట్‌లోకి దిగాక ఆ గుర్తులను ఎవరూ పట్టించుకుంటారని ఆశపడొద్దు. పగటిపూట క్లౌడ్‌కు వెళ్లే బ్యాకప్ ఉంటే దాన్ని రాత్రికి మార్చడం దీనికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే మాట తెగేది తరచూ అప్‌లోడ్ నిండినప్పుడే.

పని వరుస ఇలా పెట్టుకోండి. ఇవాళే ఇన్‌బౌండ్ రూల్ తీసేయండి. తర్వాత అవుట్‌బౌండ్ యూడీపీ రూల్ లాగింగ్‌తో పెట్టి, ఇద్దరితో ఒక కాల్ చేసి సెషన్ టేబుల్ చూడండి. యూడీపీ బైట్లు రెండు వైపులా పెరుగుతున్నాయని తేలాక ఇరవై మందితో పది నిమిషాల మీటింగ్ పెట్టి, అది నడుస్తున్నంతసేపూ థ్రెట్ లాగ్ తెరిచి ఉంచండి. అప్పటికీ తెగితే మూడు సంగతులు రాయండి: ఒక పీసీకి సంబంధించిన సెషన్ టేబుల్ వరుసలు, తెగిన సమయానికి థ్రెట్ లాగ్‌లో ఉన్నది, ఎన్ని సెకన్లకు తెగింది. పబ్లిక్ ఐపీలు చెరిపేసి పెట్టండి. అవి చూశాక ఎక్కడ ఆగిందో చెప్పగలను.